గ్రూపు చూసి నేర్చుకుంటారు

సైబర్ భద్రత మీద అవగాహన సదస్సు పెట్టాలంటే మన బళ్లలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఎస్‌ఐ గారిని పిలుస్తాం. ఆయన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, ముక్కూమొహం తెలియనివాళ్లతో చాటింగ్ వద్దంటారు, శిక్షల గురించి నాలుగు మాటలు చెబుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. సాయంత్రానికి ఆ ఫొటోలన్నీ, మూడో వరసలో ఆవులిస్తున్న అమ్మాయితో సహా, క్లాసు వాట్సాప్ గ్రూపులోకీ బడి ఫేస్‌బుక్ పేజీలోకీ ఎక్కేస్తాయి. పెట్టొచ్చా అని ఆ అమ్మాయిని ఎవరూ అడగరు. వాళ్లమ్మనూ అడగరు.

ఆ రోజు పిల్లలకు అసలు పాఠం చెప్పింది ఎస్‌ఐ గారు కాదు, ఆ ఫొటోలు. ఎదుటివాళ్ల బొమ్మ అడక్కుండా పెట్టేయొచ్చు, సార్లే పెడుతున్నారు కదా అని వాళ్లకు అర్థమైపోయింది. ఆన్‌లైన్ మర్యాద ఉపన్యాసంతో వచ్చేది కాదు. రోజూ కళ్లబడే గ్రూపులో పెద్దవాళ్లు ఎలా మసలుతున్నారో చూసి కొంత వస్తుంది, క్లాసులో చేయించి చూపిస్తే మిగతాది వస్తుంది. ఈ అధ్యాయం టీచర్ల కోసం. తల్లిదండ్రులు చదివినా పనికొస్తుంది.

ముందు మన గ్రూపు సంగతి

మీ తొమ్మిదో తరగతి గ్రూపు తెరిచి, గత నెల రోజుల మెసేజీలూ ఒకసారి చదవండి. యూనిట్ టెస్ట్ మార్కుల పేజీని ఫొటో తీసి పెట్టి ఉంటారు. లెక్కల్లో 4 వచ్చినవాడూ 24 వచ్చినవాడూ పేర్లతో సహా అందులో ఉంటారు. ఫీజు బాకీల జాబితా ఉంటుంది. ప్రేయర్‌కు ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర వరసగా నిలబెట్టి తీసిన ఫొటో ఉంటుంది. వీటి మధ్య గుడ్ మార్నింగ్ పువ్వులు, షుగర్‌ను వారంలో మాయం చేసే చిట్కా ఎలాగూ ఉంటాయి. అది పేరెంట్స్ గ్రూపు అని మనం అనుకుంటాం గానీ, రాత్రి ఏడు దాటాక ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియనిది కాదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ పిల్లల కిందే లెక్కవేసింది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంది. చదువు పనులకు కొన్ని మినహాయింపులు ఉన్నమాట నిజమే. ఫీజు కట్టలేని తండ్రి పేరు నలభై ఇళ్లకు చూపించడం మాత్రం చదువు పని అని ఎవరూ అనలేరు.

కాబట్టి మార్కులు ఎవరివి వాళ్లకే పంపండి. అంత ఓపిక లేకపోతే ప్రోగ్రెస్ కార్డు ఎటూ ఉంది. ఫొటోలకు జూన్‌లో అడ్మిషన్ కాగితాలతో పాటే అనుమతి పత్రం తీసుకోండి. తల్లిదండ్రులు సంతకం పెట్టినా, పెట్టే ముందు పిల్లనూ ఒక మాట అడగండి. సైన్స్ ఫెయిర్‌లో పిల్లాడి మొహం కన్నా వాడు చేసిన నమూనా కనిపించేలా తీస్తే సగం గొడవ ఉండదు. తిట్లూ దండనలూ గ్రూపులో వద్దు, ఫోన్ చేసి మాట్లాడండి.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక పీరియడ్ తీసుకుని గ్రూపు నియమాలు పిల్లల చేతే రాయించండి. మొదట అన్నీ మనకు నచ్చేవే రాస్తారు: చెడ్డ మాటలు వాడరాదు, పెద్దలను గౌరవించాలి, వగైరా. అవి రాసింది మనల్ని మెప్పించడానికి. చెరిపేసి, ‘గ్రూపులో మీకు ఎప్పుడు కష్టమనిపించింది?’ అని పేరు లేకుండా చీటీ మీద రాయమనండి. అసలు సంగతులు అప్పుడు బయటికొస్తాయి. వాటిలో రెండు మూడైనా టీచర్ల గురించే ఉంటాయి. వాటినీ నియమాల్లో చేర్చండి. టీచర్లకు వర్తించని నియమాన్ని పద్నాలుగేళ్ల పిల్లలు నియమం కింద లెక్కపెట్టరు.

సెలవు ఆర్డర్

ఫార్వర్డ్‌ను నమ్మొద్దని వందసార్లు చెప్పడం కన్నా, ఒక్క దొంగ ఫార్వర్డ్‌ను పిల్లల ముందు విప్పి చూపిస్తే మేలు. మన దగ్గర దానికి బంగారం లాంటి ముడిసరుకు ఏటా దొరుకుతుంది. అల్పపీడనం పట్టి ముసురు మొదలైందంటే చాలు, ‘రేపు జిల్లాలోని అన్ని పాఠశాలలకు సెలవు’ అంటూ కలెక్టర్ పేరుతో ఒక ఆర్డర్ బయలుదేరుతుంది. పిల్లలు ప్రాణం పెట్టి నమ్మే అబద్ధం అది. అందుకే పాఠానికి అంత బాగా పనికొస్తుంది.

పాతదొకటి ప్రింటు తీసి నలుగురికొకటి చొప్పున ఇవ్వండి. ఐదు నిమిషాలు ఏమీ చెప్పకండి. ముందు ఒకడు పట్టుకుంటాడు: తేదీలో అంకెలు మిగతా అక్షరాల కన్నా కాస్త లావుగా ఉన్నాయి. ఇంకొకరు కేలండర్ తిరగేసి, కాగితంలో బుధవారం అని ఉందిగానీ ఆ తేదీ గురువారం పడిందంటారు. ఆర్డర్ నంబరు పక్కన పోయినేటి సంవత్సరం అలాగే మిగిలిపోయి ఉంటుంది. కింద సంతకం ఎప్పుడో బదిలీ అయిపోయిన కలెక్టర్‌ది. పోయిన ఏటి అసలు ఆర్డర్‌కు ఎవరో తేదీ మాత్రం మార్చారన్నమాట. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా ఆ పీరియడ్‌లో లేచి నిలబడతారు.

ఆ హుషారు చల్లారకముందే అసలు మెలకువ చెప్పండి. కాగితాన్ని ఎంతసేపు గుచ్చి గుచ్చి చూసినా, బాగా చేసిన దొంగ కాగితం దొరకదు. రేపటి దొంగ తేదీ అంకెలు కూడా సరిచేస్తాడు. ఏఐ వచ్చాక అది మరీ తేలిక. కాబట్టి కాగితం వదిలేసి బయటికి వెళ్లి అడగాలి. జిల్లా యంత్రాంగం అధికారిక పేజీలో ఉందా? డీఈవో ఆఫీసు ఏమంటోంది? హెచ్‌ఎం గారికి తెలుసా? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఇదే పరీక్షించి చూశారు. చరిత్ర ఆచార్యులకు, ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులకు, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లకు కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. ఆచార్యుల్లోనూ విద్యార్థుల్లోనూ చాలామంది ఆ పేజీలోనే ఉండి, దాని తీరూ లోగో చూసి మోసపోయారు. మూడో రకం వాళ్లు మాత్రం వెంటనే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సైట్ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. చదువు ఎక్కువైనంత మాత్రాన ఈ అలవాటు రాదని మన స్టాఫ్ రూమ్ గ్రూపు చూసినా తెలుస్తుంది.

సెలవు ఆర్డర్‌తో పోయేది ఒక రోజు చదువు. 2018లో అంతకన్నా చాలా ఎక్కువే పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డ్‌లు దేశమంతా పాకాయి, అమాయకుల్ని జనం కొట్టి చంపారు. వాటిలో బాగా తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చి, ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకెళ్తారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాడిని దింపేసి, ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కోసేశారు, అంతే. ఈ సంగతి పెద్ద తరగతుల పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఫార్వర్డ్ చేసినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారని, పక్కింటి పిల్లలకు ఏమవుతుందోనన్న భయంతోనే చేశారని కూడా చెప్పండి. మంచి ఉద్దేశం సరిపోదని పిల్లలకు తెలియడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపే వీల్లేకుండా చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, రెండు బాణాల గుర్తున్న మెసేజ్‌లను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ రెండు బాణాలకు అర్థం అది చాలా చేతులు మారి వచ్చిందని. ఎంతమంది పిల్లలకు ఆ గుర్తు తెలుసో అడిగి చూడండి, అందరూ రోజూ చూస్తారు గానీ ఎందుకో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

కంపెనీ పెట్టిన హద్దు కన్నా నాకు నచ్చింది గద్వాల పోలీసులు చేసిన పని. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసులను కేటాయించి, వాళ్ల చేత ఇంటింటికీ చెప్పించారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు. ఫోన్‌లో వచ్చిన భయానికి మనిషి ఎదురుగా వచ్చి జవాబు చెప్పాడన్నమాట. అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లాలో కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో దొంగవార్తలు పట్టడం మీద పాఠాలు చెప్పించారు. టీకాల మీద పుకార్లు ఆయన్ని అటు నడిపించాయి. పిల్లలకు నేర్పితే ఇంట్లో పెద్దవాళ్లకు అదే చేరుతుందన్నది ఆ ఆలోచన. మన బడిలో కూడా అది జరుగుతుంది, కాకపోతే పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. తాతయ్య పెట్టిన ఫార్వర్డ్ తప్పని ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ అనకూడదు. ‘తాతయ్యా, ఇది పాతదట, ఇదిగో చూడు’ అని పక్కన కూర్చుని చూపించాలి.

నవ్వి ఊరుకున్నవాళ్లు

మధ్యాహ్నం అన్నం తింటూ నోరు తెరిచిన క్షణంలో ఒకడి ఫొటో తీస్తారు. సాయంత్రానికి అది స్టిక్కర్ అవుతుంది. రేపు పరీక్ష ఉందా అని ఎవరన్నా అడిగితే జవాబు ఆ స్టిక్కర్. హోంవర్క్ ఏంటంటే మళ్లీ అదే. వాడు గ్రూపులోంచి వెళ్లిపోతాడు. ‘అలిగాడ్రా’ అని ఇంకో స్టిక్కర్. విషయం మన దాకా వచ్చేసరికి, చేసినవాడి మాట ఒకటే: ‘సరదాకి చేశా సార్.’

చేసినవాడినీ బాధపడినవాడినీ పిలిచి క్షమాపణ చెప్పించి పంపేస్తాం. మిగతావాళ్లను అడగం. కానీ స్టిక్కర్‌ను నడిపించింది వాళ్లే. నవ్వే ఎమోజీలు పడకపోతే అది రెండో రోజుకే చచ్చిపోయేది. అందుకే ఈ పాఠం చూస్తూ ఊరుకున్నవాళ్లకు చెప్పాలి. వాళ్లకు కావాల్సింది ధైర్యం మీద ఉపన్యాసం కాదు, చేతిలో సిద్ధంగా ఉన్న వాక్యాలు. ‘ఒరేయ్, అది తీసెయ్, బాగోలేదు’ అని చేసినవాడికి విడిగా మెసేజ్ పెట్టడం. గ్రూపులో అందరి ముందూ అంటే వాడు పంతానికి పోతాడు. ‘నేను దాన్ని వాడలేదురా, రేపు నా పక్కన కూర్చో’ అని బాధపడినవాడికి ఒక ముక్క రాయడం. రెండు రోజులైనా ఆగకపోతే స్క్రీన్‌షాట్ తీసి టీచర్‌కు చూపించడం. ఈ వాక్యాలను క్లాసులో పైకి అనిపించండి, నాటకంలా వేయించండి. మొదట నవ్వుతారు, నవ్వనీయండి. ఒకసారి నోటితో అన్న మాట అవసరం వచ్చినప్పుడు వేళ్లకు తేలిగ్గా వస్తుంది.

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇంకొక ఉదాహరణ చెప్పొచ్చు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో ఒక నకిలీ వీడియో వచ్చింది. అందులో అసలు ఉన్నది బ్రిటన్‌లో ఉండే భారత సంతతి మహిళ. ఆమె మొహం మీద రష్మిక మొహం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజినీర్‌ను అరెస్టు చేశారు. అతను ఆ నటి మీద కోపంతో చేయలేదు. ఆమె అభిమాన పేజీ నడుపుతూ, ఫాలోవర్లను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. ఈ కథ చెప్పి, ‘ఇందులో నష్టపోయినవాళ్లు ఎందరు?’ అని అడగండి. చాలామంది ఒకరే అంటారు. మొహం పోయినామె గుర్తుంటుంది, ఒళ్లు పోయినామె గుర్తుండదు. ఆ రెండో ఆమె గురించి మాట్లాడటానికే సగం పీరియడ్ పడుతుంది.

చట్టం గురించి చెప్పేటప్పుడు సరైనదే చెప్పండి. ఎవరన్నా తప్పుడు కామెంట్ పెడితే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ కింద లోపలేస్తారని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశాక, శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని కోర్టుకు వెళ్లడంతో మొదలైంది ఆ కేసు. ఉన్న సెక్షన్లు వేరే ఉన్నాయి. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రం తీసినా పంపినా 66ఈ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇంకొకరి పేరుతో, పాస్‌వర్డ్‌తో మోసం చేస్తే 66సీ, 66డీ ఉన్నాయి.

66ఏ సంగతి పనిగట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. డిజిటల్ పౌరుడంటే నోరు మూసుకుని కూర్చునేవాడని పిల్లలు అనుకోకూడదు. హాస్టల్లో పప్పు నీళ్లలా ఉందని ఫొటో తీసి పెట్టిన పిల్లాడు పౌరుడి పనే చేశాడు. వంట మనిషి కులం పేరు ఎత్తి తిడుతూ పెట్టినవాడు చేసింది వేరు. ఈ రెండు పోస్టులూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, తేడా వాళ్ల చేతే చెప్పించండి. మొదటి పోస్టు పెట్టినవాడిని మందలించే బడిలో ఈ పాఠం చెప్పడం దండగ.

పుట్టిన సంవత్సరం

ఇది చిన్న విషయం, తల్లిదండ్రుల మీటింగులో ఐదు నిమిషాలు చాలు. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలి. నాలుగో తరగతిలో అకౌంట్ తెరవడానికి పిల్లలు ఏదో ఒక సంవత్సరం కొట్టేస్తారు. దాంతో ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ యాప్ లెక్కలో వాళ్లకు ఇరవై ఐదేళ్లు. 2025 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చిన టీన్ అకౌంట్ రక్షణలు, అంటే అకౌంట్ దానంతటదే ప్రైవేటుగా ఉండటం, తెలియనివాళ్ల మెసేజీలు రాకపోవడం, ఆ పిల్లలకు అందకుండా పోవచ్చు. ఫోను లాక్కోవడం కన్నా సెట్టింగ్స్‌లో పుట్టిన తేదీ సరిచేయించడం ఉపయోగం.

అద్దెకిచ్చిన అకౌంటు

ఇంటర్, డిగ్రీ పిల్లలకు తప్ప ఇది అక్కర్లేదు, కానీ వాళ్లకు మాత్రం తప్పనిసరి. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను నెలకింత అని ఇస్తే చాలంటూ సీనియర్లెవరో వస్తారు. ‘మనం ఏం చేయక్కర్లేదు మామా, డబ్బు వచ్చి పోతుంది, కమీషన్ మనది.’ వచ్చి పోయే ఆ డబ్బు ఎక్కడో ఒక రిటైర్డ్ టీచర్‌ను డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి లాగింది అయ్యుంటుంది. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వస్తే మొదట తట్టే తలుపు ఖాతాదారుది. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, ఆపైన కేసు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని తెలిసిన పిల్లలు కూడా ఈ ఒక్క చోట పడిపోతారు, ఎందుకంటే ఇక్కడ వాళ్లకు మోసం కనిపించదు, పాకెట్ మనీ కనిపిస్తుంది.

చెప్పుకోగలిగే చోటు

పైవన్నీ నేర్పినా ఒకరోజు ఒక అమ్మాయో అబ్బాయో చిక్కుల్లో పడతారు. ఆన్‌లైన్‌లో స్నేహం చేసినవాడు ఫొటో అడుగుతాడు, పంపాక డబ్బు అడుగుతాడు, లేదంటే మీ క్లాసు వాళ్లందరికీ పంపుతానంటాడు. ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. ఎందుకు చెప్పదో వాళ్లనే అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: చెబితే ఫోను తీసేసుకుంటారు, తిడతారు, బడి మానిపిస్తారు. బెదిరించేవాడికీ ఇది తెలుసు, వాడి ధైర్యం దీని మీదే నిలబడి ఉంది.

అందుకని ఏడాది మొదట్లోనే, ఏ గొడవా లేనప్పుడే, క్లాసులోనూ తల్లిదండ్రుల మీటింగులోనూ ఒక మాట ఇవ్వండి, ఇప్పించండి: వచ్చి చెప్పిన పిల్లల ఫోను తీసుకోం, ఎందుకు పంపావని ముందు అడగం. ఆ మాట నిలబెట్టుకోవడం తేలిక కాదు. తండ్రికి కోపం వస్తుంది. ఆయనతో ముందు మీరు మాట్లాడాలి, ఆ తర్వాతే పిల్లను ఇంటికి పంపాలి.

ఇక చేయాల్సిన పనులు. డబ్బు ఇవ్వొద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్ చెరపొద్దు, అదే సాక్ష్యం. అకౌంట్ పేరు, లింకు, నంబరు రాసిపెట్టుకుని ఆ తర్వాత బ్లాక్ చేయాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. పిల్లలకు ఏ కష్టం వచ్చినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. 18 ఏళ్లలోపు వాళ్ల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్లోంచి బయటికి పోదు, దాని నుంచి తయారైన ఒక అంకెల గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ గుర్తుతో ఫొటోను వెతికి తీసేస్తాయి.

టీచర్లు చేసే ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. ‘సాక్ష్యం కోసం’ ఆ ఫొటోను తమ ఫోనుకు పంపించుకుంటారు, అక్కణ్నుంచి హెచ్‌ఎం గారికి, ఆయన నుంచి స్టాఫ్ గ్రూపుకు. మైనర్ అశ్లీల చిత్రాన్ని దగ్గర పెట్టుకున్నా పంపినా ఐటీ చట్టం 67బీ కింద నేరం. మంచి ఉద్దేశంతో చేశామన్న మాట అక్కడ నిలవకపోవచ్చు. పైగా ఆ పిల్ల భయపడిన పని బెదిరించినవాడి కన్నా ముందు మనమే చేసినట్టవుతుంది. ఫొటో ఆ పిల్ల ఫోన్లోనే ఉండనివ్వండి, పోలీసులకు అక్కడే చూపించండి. మీరు రాసుకోవాల్సింది తేదీ, టైము, అకౌంట్ పేరు, అంతే.

మర్నాడు ప్రేయర్‌లో ఆ ఊసు ఎత్తకండి, పేరు చెప్పకుండానైనా సరే. క్లాసుకు ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పిల్లను రోజూ అడిగినట్టే పాఠం అడగండి. వారం పోయాక ఒకసారి పక్కకు పిలిచి, ‘మళ్లీ ఏమన్నా మెసేజ్ వచ్చిందా అమ్మా?’ అని కనుక్కోండి. ఇలాంటివాళ్లు కొత్త నంబరుతో, కొత్త పేరుతో మళ్లీ వస్తుంటారు, రెండోసారి వచ్చినప్పుడు చెప్పడానికి పిల్లలు మరింత వెనకాడతారు.